పోర్టబుల్ సైనిక శాటిలైట్ పరికరాలకు విడిభాగాలు సమకూర్చడం: సీమ సరఫరాదారుకు మార్గదర్శి

కర్నూలు, అనంతపురం, కడపలలో ఎలక్ట్రానిక్స్ దుకాణమో, చిన్న రిపేరు వర్క్‌షాపో నడుపుతూ, రక్షణ శాఖకు శాటిలైట్ కమ్యూనికేషన్ పరికరాల విడిభాగాలు సరఫరా చేయాలని చూస్తున్నవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. సైన్యంలో సమాచార వ్యవస్థలు చూసే సిగ్నల్స్‌లోనో, పరికరాల మరమ్మతు చూసే ఈఎంఈలోనో పనిచేసి రిటైరై సొంత ఊరు చేరిన మాజీ సైనికులకు ఈ పని సులువుగా కనిపిస్తుంది, ఎందుకంటే పరికరం వారి చేతుల్లో నలిగినదే. పరికరం తెలిసి ఉండడం అవసరమే గాని, సరుకు వెనక్కి వచ్చేది చాలాసార్లు కాగితాల దగ్గర. భాగం ఎక్కడ తయారైందో, ఎవరెవరి చేతులు మారి మీ దాకా వచ్చిందో రుజువు చూపలేకపోతే, అది ఎంత బాగా పనిచేసినా తనిఖీ అధికారి దృష్టిలో అది ఊరూ పేరూ లేని వస్తువే.

ఇక్కడ చెప్పేదంతా పరికరం ఎవరిదో వారి లిఖితపూర్వక ఆర్డరు మీద చేసే సేకరణ గురించి మాత్రమే. యూనిట్ స్టోర్సు నుంచి దారితప్పి బయటికి వచ్చిన పరికరాన్ని గాని, దాని భాగాన్ని గాని ‘స్క్రాపులో దొరికింది’ అంటూ ఎవరైనా తెస్తే, ధర ఎంత తక్కువైనా ముట్టుకోకూడదు. సక్రమంగా వేలం వేసిన వస్తువైతే దానికి డిస్పోజల్ కాగితం ఉంటుంది. అది ఉన్నా, వేలంలో వచ్చిన భాగాన్ని కొత్తదిగా తిరిగి సైన్యానికే అమ్మడం మోసం కిందికి వస్తుంది.

ముందు భాగమేమిటో తేల్చుకోవాలి

వీపున మోసుకెళ్లే మ్యాన్‌ప్యాక్ అయినా, రెండు మూడు పెట్టెల్లో సర్ది విమానంలో తీసుకెళ్లే ఫ్లైఅవే టెర్మినల్ అయినా లోపలి అమరిక దాదాపు ఒకటే. మడిచే లేదా రేకులుగా విడదీసే రిఫ్లెక్టరు, దాని ముందు ఫీడ్ హార్న్, పంపే సిగ్నల్‌నూ అందుకునే సిగ్నల్‌నూ వేరుచేసే ఓఎంటీ, అందుకునే వైపు బలహీనమైన సిగ్నల్‌ను పెంచే ఎల్ఎన్‌బీ, పంపే వైపు బీయూసీ, వాటి వెనుక మోడెమ్, దిశ సరిచేసే కంట్రోలరు, కేబుళ్లు, పవర్ యూనిట్, బ్యాటరీలు, ట్రైపాడ్. బీయూసీని ఫీల్డులో అందరూ బక్ అనే పిలుస్తారు కాబట్టి ఇక్కడా అలాగే రాస్తాను. మోడెమ్ నుంచి వచ్చే ఎల్-బ్యాండ్ (తక్కువ పౌనఃపున్యపు) సిగ్నల్‌ను ఉపగ్రహానికి చేరాల్సిన పౌనఃపున్యానికి పెంచి, బలపరిచి పంపడం దీని పని.

వీటిలో ఎక్కువగా మార్చాల్సి వచ్చేవి ఖరీదైనవి కావు. కేబుల్ చివరి కనెక్టర్లు, వాటి మూతలు, రబ్బరు ఓ-రింగులు, ఫ్యాన్లు, పెట్టెల లాచీలు, బ్యాటరీలు ముందు పోతాయి. దుమ్ములో రోజుకు నాలుగుసార్లు బిగించి విప్పే కనెక్టరు ఎంత మంచి కంపెనీదైనా అరుగుతుంది. ఆ తర్వాతి వరసలో ఎల్ఎన్‌బీ, బక్ వస్తాయి. మోడెమ్ లోపలి కార్డులు, ముఖ్యంగా ఎన్‌క్రిప్షన్‌కు సంబంధించిన మాడ్యూళ్లు బయటి సరఫరాదారు దాకా రావు, రాకూడదు కూడా. వాటి పంపిణీకి, రిపేరుకు సైన్యంలో వేరే వ్యవస్థ ఉంది. ఎవరైనా మిమ్మల్ని క్రిప్టో కార్డు కోసం అడిగితే, ఆ అడిగిన మనిషి ఎవరో ముందు ఆరా తీయాలి.

చిన్న భాగాలతో మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం. ఒక కనెక్టరును సరైన రకంలో, సరైన ధ్రువపత్రంతో, చెప్పిన తేదీకి ఇవ్వగలిగినవారి దగ్గరికి ఎల్ఎన్‌బీ ఆర్డరు వస్తుంది. మొదటి రోజే బక్ సరఫరాకు కొటేషన్ ఇచ్చేవారు దాని ధరకు మించిన చిక్కుల్లో పడతారు.

ఆ చిక్కులు ఎలాంటివో ఒక్క ఉదాహరణతో అర్థమవుతుంది. కేయూ బ్యాండులో (బ్యాండు అంటే పౌనఃపున్యాల శ్రేణి) 14.0 నుంచి 14.5 గిగాహెర్ట్జ్ వరకు పంపే బక్‌లో, పౌనఃపున్యాన్ని మార్చడానికి ఉండే లోకల్ ఆసిలేటరు సాధారణంగా 13.05 గిగాహెర్ట్జ్ ఉంటుంది, 13.75 నుంచే మొదలయ్యే విస్తృత శ్రేణి బక్‌లో అది 12.8 ఉంటుంది. పెట్టె కొలత, వేవ్‌గైడ్ (సిగ్నల్‌ను మోసే లోహపు గొట్టం) ఫ్లాంజి, కనెక్టరు, వాట్లు అన్నీ ఒకేలా ఉన్న రెండు బక్కులను పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు. ఒకదాని బదులు ఇంకోటి బిగించి, మోడెమ్‌లో సెట్టింగు మార్చకుండా పంపితే సిగ్నల్ 250 మెగాహెర్ట్జ్ పక్కకు జరుగుతుంది, అంటే సంబంధం లేని ఇంకొకరి ట్రాన్స్‌పాండరు (ఉపగ్రహంలో సిగ్నల్ అందుకుని తిరిగి పంపే భాగం) మీద పడే ప్రమాదం ఉంటుంది. ఎల్ఎన్‌బీల్లోనూ 10.0, 10.6, 11.3 గిగాహెర్ట్జ్ ఇలా వేర్వేరు ఆసిలేటర్లతో ఒకే రూపం ఉన్నవి దొరుకుతాయి. అందుకని ఆర్‌ఎఫ్ (రేడియో సిగ్నల్) భాగం ఏది కొనాలన్నా పార్టు నంబరుతో ఆగకుండా ఇవన్నీ విడిగా రాసి పెట్టుకోవాలి: ఏ బ్యాండు, లోకల్ ఆసిలేటరు ఎంత, 10 మెగాహెర్ట్జ్ రిఫరెన్సు లోపలే ఉందా బయటి నుంచి రావాలా, కరెంటు 24 వోల్టులా 48 వోల్టులా, అది కోయాక్సియల్ కేబుల్ మీదే వస్తుందా విడి కనెక్టరులోనా, కేబుల్ వైపు ఎన్-టైపా ఎఫ్-టైపా, వేవ్‌గైడ్ ఏ కొలత. కేయూలో సాధారణంగా డబ్ల్యూఆర్-75, సైన్యాలు వాడే ఎక్స్ బ్యాండులో డబ్ల్యూఆర్-112, కేఏలో పంపే వైపు డబ్ల్యూఆర్-28 కనిపిస్తాయి. ఎఫ్-టైపు సాధారణంగా 75 ఓమ్‌లది, ఎన్-టైపు సాధారణంగా 50 ఓమ్‌లది కాబట్టి, అడాప్టరు తగిలించి సర్దుబాటు చేసే ఆలోచన మొదటే మానుకోవాలి.

ఎక్కువ వాట్ల బక్ ఇస్తే కొనేవారు సంతోషిస్తారని అనుకోవద్దు. 8 వాట్లది దొరకలేదని 16 వాట్లది ఇస్తే పవర్ యూనిట్ ఆ భారం మోయలేకపోవచ్చు, వేడి పెరుగుతుంది, ఆ టెర్మినల్‌కు అనుమతించిన ప్రసార శక్తి పరిమితీ దాటిపోవచ్చు. మార్పు ఎంత చిన్నదైనా కొనేవారి సాంకేతిక విభాగం రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే సరుకు కదలాలి.

ఇంకో జాగ్రత్త. నావికాదళానికి 2013 ఆగస్టులో జీశాట్-7, వైమానిక దళానికి 2018 డిసెంబరులో జీశాట్-7ఏ, మళ్లీ నావికాదళానికి 2025 నవంబరు 2న సీఎంఎస్-03 వెళ్లాయని, సైన్యం కోసం జీశాట్-7బీకి 2023 మార్చిలో ఒప్పందం కుదిరిందని పత్రికల్లో అందరం చదివినదే. అంత మాత్రాన ‘ఈ టెర్మినల్ ఏ ఉపగ్రహం మీద, ఏ యూనిట్‌లో పనిచేస్తుంది’ అని కొనేవారిని అడగనక్కర్లేదు. పైన చెప్పిన సాంకేతిక వివరాలు చేతిలో ఉంటే భాగం తెచ్చి ఇవ్వడానికి అవి చాలు. అంతకు మించి తెలుసుకోవడం మీకూ భారమే.

నంబర్లు చదవడం

పరికరం మీద ఉన్న లేబుల్‌లో కనీసం మూడు సంగతులు వెతకాలి. తయారీదారు పార్టు నంబరు, దాని రివిజన్ అక్షరం, తయారీదారును సూచించే ఐదు అక్షరాల కేజ్ కోడు. చాలా విదేశీ పరికరాల మీద వీటితోపాటు 13 అంకెల నాటో స్టాక్ నంబరు కూడా ఉంటుంది. దానిలో మొదటి నాలుగు అంకెలు వస్తువు తరగతిని చెబుతాయి: 5985 అయితే యాంటెన్నాలు, వేవ్‌గైడ్‌లు, 5935 అయితే ఎలక్ట్రికల్ కనెక్టర్లు, 5995 అయితే కమ్యూనికేషన్ కేబుళ్లు, 6140 అయితే చార్జి చేసుకునే బ్యాటరీలు, ఎక్కడా ఇమడని కమ్యూనికేషన్ సామగ్రి 5895లో ఉంటుంది. తర్వాతి రెండు అంకెలు ఆ నంబరును కేటాయించిన దేశానివి. అమెరికాకు 00, 01, బ్రిటన్‌కు 99, ఫ్రాన్సుకు 14, ఇజ్రాయెల్‌కు 31, మన దేశానికి 72. చివరి ఏడు అంకెలకు విడి అర్థం లేదు, అది వరస సంఖ్య మాత్రమే.

ఈ నంబరు ఉపయోగం ఏమిటంటే, ఒకే స్టాక్ నంబరు కింద ఇద్దరు ముగ్గురు తయారీదారుల పార్టు నంబర్లు నమోదై ఉండవచ్చు. అసలు కంపెనీ ఆ కనెక్టరును మానేసినా, అదే నంబరు కింద ఆమోదం పొందిన ఇంకొకరిది దొరుకుతుంది. టెర్మినల్ కంపెనీ తన సొంత పార్టు నంబరు వేసి పది రెట్ల ధరకు అమ్మే కనెక్టరు నిజానికి మిల్-డీటీఎల్-38999 ప్రమాణానికి ఎవరైనా తయారుచేసేదే అయి ఉండడమూ ఉంటుంది. ఆ సంగతి డ్రాయింగులో ఉంటుంది, లేబుల్ మీద ఉండదు. కాబట్టి కొనేవారిని వివరణాత్మక పార్టుల జాబితా, అంటే ఇలస్ట్రేటెడ్ పార్ట్స్ క్యాటలాగులోని సంబంధిత పేజీ అడగాలి. మొత్తం పుస్తకం అడగవద్దు. స్వదేశీ పరికరమైతే దాని డ్రాయింగులు, స్పెసిఫికేషన్లు ఏహెచ్‌ఎస్‌పీ అనే అధికారిక సంస్థ అధీనంలో ఉంటాయి; ప్రత్యామ్నాయ భాగానికి ఆమోదం అక్కడి నుంచే రావాలి.

రివిజన్ అక్షరాన్ని తేలిగ్గా తీసుకునేవారు చాలామంది. రివిజన్ సీ స్థానంలో రివిజన్ ఎఫ్ వస్తే, బాగుచేసిన కొత్త మోడలే కదా అనిపిస్తుంది గాని, మధ్యలో సాఫ్ట్‌వేరో, కనెక్టరు పిన్నుల వరసో మారి ఉండవచ్చు. వెనకటి రివిజన్‌తో పొసగుతుందని తయారీదారు లేఖ ఇస్తే దానిని కొటేషన్‌కు జతపరచాలి.

లేబుళ్ల ఫోటోలు అధికారిక ఈమెయిల్‌లోనే రావాలి. సీరియల్ నంబరు కనిపించే సైనిక పరికరం ఫోటోను ‘ఇది ఎవరి దగ్గరైనా ఉందా’ అంటూ వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటు మన వ్యాపారుల్లో ఉంది. డ్రాయింగో, యూనిట్ పేరో అలా బయటపడితే 1923 నాటి అధికార రహస్యాల చట్టం దాకా పోతుంది. పార్టు నంబరు టైపు చేసి అడగండి, ఫోటో పెట్టకండి.

ఎవరి దగ్గర కొనాలి

వరస ఇది: అసలు తయారీదారు, అతని అధీకృత భారతీయ ప్రతినిధి, కాంపొనెంటు కంపెనీల ఫ్రాంచైజీ డిస్ట్రిబ్యూటరు, ఆ ముగ్గురి దగ్గరా లేదని రాతలో తేలాక మాత్రమే స్వతంత్ర స్టాకిస్టు. బ్రోకరు ఈ వరసలో లేడు. మన దగ్గర నిలబెట్టుకోవాల్సిన సంబంధాలు రెండు నగరాల్లో ఉన్నాయి. 44వ నంబరు జాతీయ రహదారి మీద కర్నూలు నుంచి హైదరాబాదు, అనంతపురం నుంచి బెంగళూరు దాదాపు సమాన దూరం, రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. బెంగళూరులో 1954లో మొదలైన భారత్ ఎలక్ట్రానిక్స్, హైదరాబాదులో 1967లో మొదలైన ఈసీఐఎల్ ఉండబట్టి, వాటి చుట్టూ ఆర్‌ఎఫ్ కనెక్టర్లు, కేబుల్ అసెంబ్లీలు, వేవ్‌గైడ్ భాగాలు తయారుచేసే చిన్న సంస్థలు పెరిగాయి. దిగుమతి ఆలోచనకు ముందు వాటి క్యాటలాగులు తిరగేయడం లాభం.

బెంగళూరు ఎస్పీ రోడ్డు, హైదరాబాదు కోఠి మార్కెట్ల సంగతి చాలామంది అడుగుతారు. హీట్ ష్రింక్, క్రింపింగ్ పనిముట్లు, వర్క్‌షాపులో పరీక్షకు వాడుకునే కేబుళ్లు, స్క్రూలు అక్కడ నిక్షేపంగా కొనుక్కోవచ్చు. సైన్యానికి డెలివరీ ఇచ్చే భాగాన్ని మాత్రం అక్కడ కొనకూడదు, ఎందుకంటే కౌంటరు మీద ఇచ్చే బిల్లులో తయారీ విడతను చెప్పే లాట్ నంబరు ఉండదు, తయారీదారు ధ్రువపత్రం రాదు.

విదేశీ భాగం దొరకనప్పుడు స్వదేశంలో చేయించడం మన జిల్లాలకు అందుబాటులో ఉన్న అవకాశం. 2020 ఆగస్టులో రక్షణ ఉత్పత్తుల విభాగం మొదలుపెట్టిన సృజన్ పోర్టల్‌లో దిగుమతి అవుతున్న వస్తువుల జాబితా, వాటిని ఇక్కడే తయారుచేయించాలని కోరుతున్న సంస్థల వివరాలు ఉంటాయి. ట్రైపాడ్ కాళ్లు, బ్రాకెట్లు, కేబుల్ హార్నెస్‌లు, ట్రాన్సిట్ పెట్టెల్లో ఫోము అమరికలు వంటివి మంచి మెషిన్ షాపు ఉన్న ఏ జిల్లా కేంద్రంలోనైనా చేయించవచ్చు. ఓర్వకల్లులో డీఆర్‌డీవో పరీక్షా క్షేత్రం, కొప్పర్తిలో ఎలక్ట్రానిక్స్ తయారీ క్లస్టరు, పాలసముద్రం దగ్గర భారత్ ఎలక్ట్రానిక్స్‌కు కేటాయించిన స్థలం ఉన్నాయి కాబట్టి ఈ తరహా పనికి చుట్టుపక్కల గిరాకీ పెరుగుతుందని ఆశించవచ్చు. అయితే కొలతలు సరిపోతే చాలదు. పర్యావరణ పరీక్షలకు మన సైన్యం జేఎస్‌ఎస్ 55555 ప్రమాణాన్ని అనుసరిస్తుంది. వేడి, చలి, దుమ్ము, ప్రకంపన, వర్షం వంటి పరీక్షలను గుర్తింపు ఉన్న ల్యాబులో చేయించి నివేదిక ఇవ్వాలి. ఆ ఖర్చును కొటేషన్ వేసేటప్పుడే లెక్కలో పెట్టుకోవాలి, ఎందుకంటే పది బ్రాకెట్ల ఆర్డరుకు పరీక్షల ఖర్చే అసలు ధరను మించిపోవచ్చు.

నకిలీ భాగాలు

ఈ రంగంలో అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. అమెరికా సెనేట్ సాయుధ దళాల కమిటీ 2012లో ప్రచురించిన నివేదికలో, 2009, 2010 రెండేళ్లలోనే ఆ దేశ రక్షణ సరఫరాలో సుమారు 1,800 అనుమానిత నకిలీ కేసులు, మొత్తం పది లక్షలకు పైగా విడిభాగాలు బయటపడ్డాయి. పారేసిన సర్క్యూటు బోర్డుల నుంచి చిప్పులను పెరికి, పైనున్న అక్షరాలను గీకి, నల్లటి పూత పూసి, కొత్త పార్టు నంబరు, కొత్త తేదీ ముద్రించి అమ్మడమే వీటి వెనుక ఉన్న ప్రధాన పద్ధతి. అంత పటిష్ఠమైన కొనుగోలు వ్యవస్థ ఉన్న చోటే ఇది జరిగిందంటే, ఇంటర్నెట్‌లో ‘స్టాక్ ఉంది’ అని కనిపించిన చోట ఆర్డరు పెట్టే మనకు ఎంత జాగ్రత్త ఉండాలో ఆలోచించుకోవచ్చు.

సరుకు అందగానే చేయగలిగిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. చిప్పుల మీద నాలుగంకెల డేట్ కోడులో మొదటి రెండు సంవత్సరం, చివరి రెండు వారం. 2153 అని ఉంటే 2021లో 53వ వారం అన్నమాట, ఆ ఏడాదిలో 52 వారాలే ఉన్నాయి కాబట్టి ఆ ముద్ర అబద్ధం. తయారీదారు ఆ మోడల్‌ను ఆపేసిన తేదీ తర్వాతి డేట్ కోడు ఉన్నా అంతే. ఒకే రీలులోని చిప్పుల మీద పిన్-1 గుంట లోతు వేర్వేరుగా ఉండడం, పైభాగానికీ పక్కలకూ రంగులో తేడా ఉండడం, పిన్నులు ఒకసారి టంకం తగిలినట్టు మెరవడం మైక్రోస్కోపు కింద తెలిసిపోతాయి. దూదికి ఎసిటోన్ అద్ది పైన రుద్దితే నాసిరకం పూత నల్లగా అంటుకుంటుంది. అయితే మంచి పూతలు ఎసిటోన్‌కు లొంగవు కాబట్టి, ఈ పరీక్ష పాసైనంత మాత్రాన అసలుదని నిర్ధారించకూడదు. ఖరీదైన ఐసీలకు, పవర్ ట్రాన్సిస్టర్లకు ఎక్స్‌రే, అవసరమైతే ఒకదాన్ని పగలగొట్టి లోపలి డై (సిలికాన్ ముక్క) మీద గుర్తు చూడడం వంటి పరీక్షలు బయటి ల్యాబులో చేయించాలి. స్వతంత్ర స్టాకిస్టు నుంచి కొనాల్సి వస్తే నకిలీలను అడ్డుకోవడానికి ఉన్న ఏఎస్6081 ప్రమాణాన్ని పాటిస్తున్నారా, ఏఎస్6171 ప్రకారం పరీక్షించి ఇస్తారా అని అడగండి. ఆ పేర్లు వినగానే ఫోను పెట్టేసేవారితో మీకు పని లేదు.

కనెక్టర్లలో, కేబుళ్లలో నకిలీ ఇంకో రకంగా ఉంటుంది. పేరు పెద్ద కంపెనీది, లోపలి తీగ రాగికి బదులు రాగి పూత పూసిన అల్యూమినియం, షీల్డు అల్లిక పలుచన. మీటరు కేబుల్ బరువు తూచి తయారీదారు డేటాషీటుతో పోల్చితే చాలాసార్లు ఇక్కడే బయటపడుతుంది. వెక్టర్ నెట్‌వర్క్ ఎనలైజరు అందరి దగ్గరా ఉండదు గాని, 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ వరకు కేబుల్ నష్టం కొలిచిన గ్రాఫును ప్రతి అసెంబ్లీకి జతచేస్తే తనిఖీ దగ్గర మాట పెరగదు. దగ్గరలోని ఇంజినీరింగ్ కాలేజీ ఈసీఈ విభాగంలో ఆ పరికరం ఉంటే, అనుమతి తీసుకుని రుసుము కట్టి వాడుకోవడం తెలివైన పని. కాలిబ్రేషన్ గడువు దాటని పరికరమేనా అన్నది మాత్రం చూసుకోవాలి.

చైనా మూలం సంగతి విడిగా చూడాలి. మనతో భూసరిహద్దు ఉన్న దేశాల బిడ్డర్లు ముందుగా నమోదు చేసుకోవాలన్న నిబంధన 2020 జులై నుంచి ఉంది. దానికి తోడు రక్షణ కొనుగోళ్లలో చైనా విడిభాగాల మీద పరిశీలన బాగా బిగిసింది. 2025 ఫిబ్రవరిలో చైనా భాగాల కారణంగా సైన్యం 400 డ్రోన్ల ఒప్పందాలను రద్దు చేసింది. మీరు అమ్మే కేబుల్ అసెంబ్లీ బెంగళూరులో తయారైనా, అందులోని కనెక్టరు ఎక్కడిదో మీ దగ్గర రాతలో ఉండాలి.

లైసెన్సులు, దిగుమతి, విదేశానికి రిపేరు

ప్రసారం చేయగల పరికరం ఏదైనా దేశంలోకి తేవాలంటే, అమ్మకానికి దగ్గర ఉంచుకోవాలంటే టెలికం విభాగంలో రేడియో పౌనఃపున్యాల వ్యవహారం చూసే డబ్ల్యూపీసీ అనుమతి అవసరం. ఇందుకు ఆధారం 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం. దాని స్థానంలోకి 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం దశలవారీగా వస్తోంది. బక్ ఒక్కటే తెచ్చినా కస్టమ్సు అధికారి దానిని ప్రసార పరికరంగానే చూస్తాడు కాబట్టి, ఆర్డరు పెట్టక ముందే దిగుమతి లైసెన్సు అవసరమో, సైనిక కొనుగోలుదారు ఇచ్చే పత్రం మీద మినహాయింపు వస్తుందో రాతలో తేల్చుకోవాలి. సరుకు శంషాబాదులోనో, దేవనహళ్లిలోనో దిగాక ఈ ప్రశ్న వేసుకుంటే గిడ్డంగి అద్దె రోజురోజుకూ పెరుగుతుంది. శాటిలైట్ ఫోన్ల విషయంలో నిబంధన ఇంకా కఠినం: అనుమతి లేకుండా తురాయా, ఇరిడియం ఫోన్లు దగ్గర ఉంచుకోవడమే నేరం. గల్ఫ్ నుంచి సెలవులకు వచ్చే బంధువు చేత బ్యాటరీతోపాటు ఒక సెట్ తెప్పిద్దామనే ఆలోచన కడపలో కొత్తేమీ కాదు. అది విమానాశ్రయంలోనే అరెస్టుకు దారితీస్తుంది.

అమెరికా తయారీ సైనిక భాగాల మీద ఆయుధాల ఎగుమతిని నియంత్రించే ఆ దేశపు ఐటార్ నిబంధనలు భాగంతోపాటే ప్రయాణిస్తాయి. ఎవరి కోసం కొంటున్నారో చెప్పే తుది వినియోగదారు ధ్రువపత్రం, అంటే ఎండ్ యూజర్ సర్టిఫికెట్ లేకుండా అమ్మరు. ఆ పత్రంలో రాసినవారికి తప్ప ఇంకొకరికి ఆ భాగాన్ని మళ్లించాలంటే అమెరికా విదేశాంగ శాఖ ముందస్తు అనుమతి కావాలి. ఒక యూనిట్ కోసం తెచ్చి మిగిలిన రెండు భాగాలను ఇంకో సంస్థకు అమ్మడం ఈ కారణంగా కుదరదు. ఎండ్ యూజర్ సర్టిఫికెట్‌ను కొనేవారి అధీకృత అధికారి సంతకం చేయాలి, సరఫరాదారు చేయకూడదు. ఈ పత్రం అవసరం లేదు, వేరే దేశం మీదుగా పంపిస్తాం అనే విక్రేత దగ్గర కొంటే నల్లజాబితాలో చేరేది మీ పేరు.

పాడైన బక్‌ను తయారీదారు దగ్గరికి రిపేరుకు పంపడం మన చట్టం దృష్టిలో ఎగుమతి. వస్తువు స్కోమెట్ జాబితాలో, అంటే మన ప్రభుత్వం ఎగుమతిని నియంత్రించే వస్తువుల జాబితాలో ఉంటే, తిరిగి వచ్చేదే అయినా ముందుగా అనుమతి తీసుకోవాలి. అనుమతికి పట్టే కాలాన్ని రిపేరు గడువులో కలిపి కొనేవారికి చెప్పాలి. జ్ఞాపక చిప్పు ఉన్న ఏ భాగాన్నయినా విదేశానికి పంపే ముందు దానిలోని సమాచారం తుడిచేశామని యూనిట్ నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి.

పోర్టళ్లు, నమోదులు

ప్రభుత్వ కొనుగోళ్లకు వాడే జెమ్ పోర్టల్, డిఫెన్సు ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్ రెండింటిలోనూ నమోదు తప్పదు. సాధారణ విడిభాగాల కొనుగోలు డిఫెన్సు ప్రొక్యూర్‌మెంట్ మాన్యువల్ ప్రకారం జరుగుతుంది. 2009 నాటి దాని స్థానంలో కొత్తది 2025 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది కాబట్టి పాత నమూనా పత్రాలతో కొటేషన్లు వేయవద్దు. చిన్న పరిశ్రమలకు ఇచ్చే ఉద్యమ్ నమోదు ఉంటే ధరావతు మినహాయింపు, కొనుగోలులో ప్రాధాన్యం వస్తాయని అందరూ చెబుతారు. అవి తయారీదారులకు, సేవలు అందించేవారికి. కొని అమ్మే వ్యాపారికి ఉద్యమ్ నమోదు ఇచ్చినా, ఆ ప్రయోజనం బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాలకే పరిమితం. కేబుల్ అసెంబ్లీ మీరే చేసి, పరీక్షించి ఇస్తున్నారంటే పరిస్థితి వేరు. కాబట్టి ఈ వ్యాపారాన్ని నిలబెట్టాలనుకునేవారు ఒక చిన్న క్రింపింగ్, టెస్టింగ్ బెంచీతోనైనా తయారీదారుగా మారడం మంచిదని నా నమ్మకం. మేక్ ఇన్ ఇండియా ప్రాధాన్య ఉత్తర్వు ప్రకారం మొదటి తరగతి స్థానిక సరఫరాదారుకు కనీసం 50 శాతం స్థానిక విలువ ఉండాలి. ఆ లెక్కను ఊహతో రాయకుండా కొనుగోలు బిల్లులతో చూపించగలగాలి.

సీమ ఎండలో నిల్వ

మే నెలలో రేకుల గోడౌనులో ఉష్ణోగ్రత బయటి 43 డిగ్రీలను సులువుగా దాటుతుంది. లిథియం-అయాన్ బ్యాటరీలను నిండుగా చార్జి చేసి అలాంటి చోట పెడితే ఒక్క వేసవిలోనే సామర్థ్యం కోల్పోతాయి. సగం చార్జిలో, చల్లని గదిలో ఉంచాలి. వీటిని విమానంలో తెప్పించేటప్పుడు 2016 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నియమం గుర్తుంచుకోవాలి: విడిగా ప్యాక్ చేసిన లిథియం-అయాన్ బ్యాటరీలు ప్రయాణికుల విమానంలో వెళ్లవు, సరుకు విమానంలోనూ చార్జి 30 శాతం మించకూడదు, రవాణా భద్రతకు చేసే యూఎన్ 38.3 పరీక్షా నివేదిక ఉండాలి. బెంగళూరు నుంచి రోడ్డు మీద తెచ్చుకోవడమే అనంతపురానికి తేలిక. ఓ-రింగులకు కూడా వయసు ఉంటుంది, వాటి సంచి మీది క్యూర్ తేదీ (రబ్బరును గట్టిపరచి తయారుచేసిన తేదీ) చూడకుండా పాత స్టాకు పంపవద్దు. తేమ తగలకూడని చిప్పుల సంచిలోని సూచిక కార్డు రంగు మారితే, తయారీదారు చెప్పిన పద్ధతిలో ఆరబెట్టి, ఆ సంగతి రాసి పెట్టాలి.

డెలివరీ రోజున పెట్టెలో భాగంతోపాటు తయారీదారు కన్ఫార్మెన్సు సర్టిఫికెట్, లాట్ నంబరు, మీ కొనుగోలు బిల్లు నకలు, పరీక్షల గ్రాఫులు, దేశ మూలం పత్రం ఒకే వరసలో ఉండాలి. వాటి రెండో ప్రతి మీ దగ్గర వారంటీ గడువు ముగిశాక కూడా ఉండాలి. తనిఖీలో భాగం తిరస్కరణకు గురైతే కారణం రాతలో తీసుకుని, దానిని విప్పకుండా, ముద్ర చెరపకుండా మీ సరఫరాదారుకు తిరిగి పంపండి. ఇంకొక పని కూడా మీ మీదే ఉంది: తయారీదారు ఒక మోడల్‌ను ఆపేస్తున్నానని నోటీసు ఇచ్చినప్పుడు, చివరి ఆర్డరు పెట్టే గడువు తేదీని కొనేవారికి వెంటనే అధికారిక లేఖగా పంపాలి, ఎందుకంటే వారి వైపు నిధుల మంజూరుకు పట్టే కాలం ఆ గడువు కన్నా ఎక్కువగానే ఉంటుంది.